డిప్రెషన్‌లో పోపుల పెట్టె ఎంతవరకు పనికొచ్చింది

నాకు డిప్రెషన్ ఏడుపుతో మొదలవలేదు. తిండి సహించడం మానేసింది. తెల్లవారుజామునే మెలకువ వచ్చేసి, ఇక నిద్ర పట్టేది కాదు. స్నానానికి లేవాలన్నా కొండ మోసినంత పని. ఏ వాసనా సరిగ్గా తెలిసేది కాదు. డిప్రెషన్‌లో ముక్కు మొద్దుబారడం కొందరిలో ఉండేదేనని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం జలుబు చేసిందేమో అనుకుని ఊరుకున్నాను.

డాక్టర్ ముందు రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్ తగ్గినా, బి12 తగ్గినా, రక్తం తక్కువైనా మనిషి ఇలాగే నీరసపడి, దిగాలుగా అయిపోతాడట. అవన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చారు. గత రెండు వారాల్లో ఏది ఎంత తరచుగా అనిపించిందో 0 నుంచి 3 దాకా మార్కులు వేసుకోవాలి, మొత్తం 27కి. నాకొచ్చిన మార్కులు చూసి మధ్యస్థాయి డిప్రెషన్ అన్నారు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే మాత్ర, దాంతోపాటు కౌన్సెలింగ్ మొదలయ్యాయి. "గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. మొదట్లో కడుపులో తిప్పినట్టు ఉంటుంది. మీ అంతట మీరు ఆపకండి" అని చెప్పి పంపారు.

ఆ ఎదురుచూపు రోజుల్లోనే అక్క కుంకుమపువ్వు సంగతి ఎత్తింది. "మాత్రలు ఒకసారి పట్టుకుంటే వదలవే. వంటింట్లోనే మందుంది, ముందు అది వాడి చూడు" అంది. తనకు నా మీద బెంగ. ఆ మాట కొట్టిపారేయబుద్ధి కాలేదు. ఉన్నదున్నట్టు డాక్టర్‌నే అడిగాను. ఆమె కూడా తీసిపారేయలేదు. అందుకు ఇప్పటికీ ఆమెంటే గౌరవం.

కుంకుమపువ్వు మీద నిజంగానే పరిశోధన జరిగింది. 2004 ప్రాంతంలో టెహ్రాన్‌లో మొదలైన ప్రయోగాల్లో రోజుకు 30 మిల్లీగ్రాముల సారాన్ని ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇచ్చి చూశారు. స్వల్ప, మధ్యస్థాయి డిప్రెషన్ ఉన్నవాళ్లలో అది కొన్ని డిప్రెషన్ మందులతో దాదాపు సమానంగా పనిచేసినట్టు కనిపించింది. కానీ అవి కొద్దిమందితో, కొద్ది వారాలు చేసిన ప్రయోగాలు. పైగా వాళ్లు ఇచ్చింది కొలత ప్రకారం తయారుచేసిన సారం. పాలలో నాలుగు రేకలు వేసుకుంటే ఒంట్లోకి ఎంత వెళ్తుందో ఎవరూ చెప్పలేరు. రంగు వేసిన మొక్కజొన్న పీచుని కుంకుమపువ్వని అమ్మేవాళ్లూ ఉన్నారు. "మాత్ర మానకుండా పాలలో రెండు రేకలు వేసుకుంటే వేసుకోండి, క్యాప్సూల్స్ మాత్రం నాకు చెప్పకుండా వద్దు" అన్నారు డాక్టర్. గర్భిణులు ఎక్కువ మోతాదులో అసలు తీసుకోకూడదని కూడా చెప్పారు.

పసుపు కథ వేరు. అందులో పనిచేసేదని చెప్పే కర్‌క్యుమిన్ పసుపు బరువులో సుమారు మూడు శాతమే, అదీ రక్తంలోకి సరిగ్గా చేరదు. 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో, మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే అది ఇరవై రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరింది. అందుకే పసుపు క్యాప్సూల్స్‌లో మిరియాల సారం కలుపుతారు. ఇక్కడే జాగ్రత్త పడాలి. పైపరిన్ కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములను అడ్డుకుంటుంది. కర్‌క్యుమిన్‌తో పాటు మనం వేసుకునే వేరే మందుల మోతాదు కూడా రక్తంలో పెరిగిపోవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు ఈ క్యాప్సూల్స్‌తో రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. కూరలో వేసే పసుపు, మిరియాలతో మామూలుగా ఈ భయం ఉండదు.

జాజికాయ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. నిద్ర పట్టడానికి మంచిదని నాకు చాలామంది చెప్పారు. చిటికెడు దాటి చెంచాల్లో తీసుకుంటే అది విషం. గుండెదడ, వాంతులు, లేనివి ఉన్నట్టు కనిపించడం దాకా వెళ్తుంది. మనసు బాగోలేనప్పుడు దాని జోలికి పోకపోవడమే మేలు.

మరి పోపుల పెట్టె నాకు ఎక్కడ ఉపయోగపడింది? కౌన్సెలర్ ఇచ్చిన పనిలో. మనసు ఉన్నా లేకపోయినా రోజుకు ఒక చిన్న పని చేయమన్నారు. చేయాలనిపించేదాకా ఆగితే ఆ రోజు రాదట, పని చేస్తుంటే మనసు వెనకాల వస్తుందట. నేను పోపుల పెట్టె తీసి, ఒక్కో దినుసు నలిపి వాసన చూడటం పెట్టుకున్నాను. మొదట్లో యాలకులు దంచినా ఏమీ తెలియలేదు, దాల్చినచెక్క పొడి పిండిలా ఉంది. మిరియాలు దంచినప్పుడు మాత్రం ముక్కు చుర్రుమంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఘాటు, వాసనను మోసే నాడి గుండా కాకుండా ముఖంలో స్పర్శను మోసే నాడి గుండా వెళ్తుందట, అందుకే ముందు అది తెలిసింది. ఆ చురుక్కు ఎంత ధైర్యం ఇచ్చిందో చెప్పలేను. తర్వాత్తర్వాత లవంగం తెలిసింది. ఒకరోజు యాలకు ఒలుస్తుంటే ఆ తియ్యటి చల్లదనం ఒక్కసారిగా తగిలింది. గింజలు అరచేతిలో పెట్టుకుని అక్కకు ఫోన్ చేశాను. తనూ ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

అప్పటికి మాత్ర పనిచేయడం మొదలైంది. ముందు నిద్ర కుదిరింది, తర్వాత ఆకలి, ఆ తర్వాత వాసనలు. సంతోషం అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. దినుసుల వల్లే బాగయ్యానని నేను అనను. అలాగని వాటిని వదిలేయమని కూడా అనను, అవి నన్ను మంచం మీంచి లేపాయి. బతకాలని లేదనే ఆలోచన వస్తుంటే మాత్రం ఏ కషాయమూ కాచుకుంటూ కూర్చోవద్దు. వెంటనే పక్కనున్న మనిషికి చెప్పండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అక్క భయానికి కూడా జవాబు దొరికింది. డిప్రెషన్ మాత్రలు మత్తుకు అలవాటు చేసే మందులు కావు, కానీ ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, ఒంట్లో కరెంటు పాకినట్టు జివ్వుమనడం ఉండొచ్చు. నేను పూర్తిగా కోలుకున్నాక ఆరు నెలలకు పైగా అదే మోతాదు కొనసాగించి, ఇప్పుడు కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. ఒంట్లో ఏ తేడా వచ్చినా అది దేనివల్లో తేలిగ్గా తెలియాలని, ఇది అయ్యేదాకా కొత్తగా ఏ క్యాప్సూలూ మొదలుపెట్టొద్దన్నారు. అక్క తెచ్చిన కుంకుమపువ్వు డబ్బా మాత్రం వంటింట్లోనే ఉంది, పాలలో రెండు రేకలు ఇప్పటికీ వేసుకుంటున్నాను.