బందరులో నోబుల్ దొర బడి దాకా

బందరు వెళ్తున్నానంటే విజయవాడలో మావాళ్ళందరిదీ ఒకటే మాట, లడ్డూ తెమ్మని. లడ్డూకి కాదు, నోబుల్ కాలేజీ చూడ్డానికి అంటే ఒకాయన నవ్వాడు కూడా. "అక్కడేముంటుందండీ చూడ్డానికి?" అన్నాడు. ఆయన్నని లాభం లేదు. కానీ కృష్ణాజిల్లా పెద్దల జీవితచరిత్రలు ఏవి తిరగేసినా ఆ కాలేజీ పేరు తగులుతూనే ఉంటుంది. కాంగ్రెస్ నాయకుడు పట్టాభి సీతారామయ్య అక్కడ చదివారు, కృష్ణాపత్రిక సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు అక్కడ చదివారు. వాళ్ళకి పాఠం చెప్పినవాళ్ళ సంగతి మాత్రం ఎవరికీ పెద్దగా పట్టదు. నా ప్రయాణం ఆ పాఠం చెప్పినవాళ్ళ కోసం.

గుడివాడ దాటాక రైల్లో కూర్చోడానికి చోటు దొరికింది. పెడన దాకా రెండువైపులా వరిచేలు, చెరువులు. బందరు స్టేషన్లో దిగేసరికి ఉప్పగాలి, ఉక్క. ఊళ్ళో నాకు తెలిసిన రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన ఉన్నారు, మాస్టారనే అంటాం. ఆటో మాట్లాడి ఆయన్ని ఇంటి దగ్గర ఎక్కించుకున్నాను. "ముందు టిఫిన్, తర్వాతే నోబుల్" అన్నారు. కాదనలేదు.

కాలేజీ ఆవరణలో అడుగుపెట్టేసరికి క్లాసులు నడుస్తున్నాయి. మేం చెట్టునీడన నిలబడ్డాం. మాస్టారు మొదలుపెట్టారు.

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ కేంబ్రిడ్జిలో చదివిన పాదిరి. 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున హెన్రీ ఫాక్స్ అనే ఆయనతో కలిసి తెలుగుదేశానికి వచ్చాడు. ఫాక్స్ ఊరూరా తిరిగి బోధించాడు. నోబుల్ బందరులో కూర్చుని 1843లో ఇంగ్లీషు బడి పెట్టాడు. ఈ కాలేజీకి మొదలు ఆ బడే. ఫాక్స్ ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్ళి 1848లో చనిపోతే, ఆయన చదివిన రగ్బీ స్కూలువాళ్ళు ఆయన పేరిట బందరు బడిలో ఒక ఉపాధ్యాయుడి ఉద్యోగానికి నిధి ఏర్పాటుచేశారు. ఎక్కడి రగ్బీ, ఎక్కడి బందరు!

నోబుల్ గురి అగ్రవర్ణాల పిల్లల మీద. పైవాళ్ళు మారితే కిందివాళ్ళు వాళ్ళే వస్తారని ఆయన లెక్క. ఆ లెక్క నాకు నచ్చదు. చదువు ఎవరికి అవసరమో వాళ్ళని పక్కనపెట్టి మొదలైన బడి అది. ఆ లెక్క ఎదురు కూడా తన్నింది. 1852లో అయినాల భూషణం, మంచాల రత్నం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకుంటే ఊరు ఊరంతా అట్టుడికిపోయింది. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు, బడి దాదాపు ఖాళీ అయింది. నోబుల్ మూట సర్దుకోలేదు. ఉన్న నలుగురికే పాఠం చెప్పుకుంటూ కూర్చున్నాడు. మెల్లగా పిల్లలు మళ్ళీ వచ్చారు. ఇంగ్లీషు చదువు కావాలి, ఉద్యోగాలు కావాలి, మరి రాకేం చేస్తారు?

1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుఫానులో సముద్రం ఊరి మీద పడింది. సుమారు ముప్ఫైవేల మంది పోయారంటారు. నోబుల్ బతికాడు గాని, మరుసటి ఏడే బందరులోనే కన్నుమూశాడు. వచ్చిన ఇరవైనాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఇంగ్లండు వెళ్ళలేదు.

"ఇంతకాలం చెప్పినా కిరస్తానం పుచ్చుకున్న విద్యార్థులు కొద్దిమందే బాబూ" అన్నారు మాస్టారు. "మిగతావాళ్ళంతా చదువుకుని మున్సిఫులూ, తాసీల్దార్లూ అయ్యారు."

నా మనసు మాత్రం ఇంకో మాస్టారి మీద ఉంది. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు 1862లో బందరులోనే పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో విలియం మిల్లర్ దగ్గర చదివారు. మిల్లర్ స్కాట్లండు వాడు. 1862లో వచ్చి 1907 దాకా ఆ కాలేజీనే అంటిపెట్టుకున్నాడు. ఎంతమంది మతం మారారన్నది కాదు, ఎంతమంది ఆలోచన మారిందన్నది ముఖ్యమని ఆయన నమ్మకం. తోటి మిషనరీల చేత దానికి మాటలు కూడా పడ్డాడు. అలాంటి గురువు దగ్గర తయారైన నాయుడుగారు క్రైస్తవులు కాలేదు, విగ్రహారాధన వద్దు, దేవుడొక్కడే అనే బ్రహ్మసమాజంలో చేరారు. తర్వాత నోబుల్ కాలేజీకి ఇంగ్లీషు చెప్పడానికి వచ్చారు. మిషనరీ కాలేజీలో బ్రహ్మసమాజి పాఠం!

భార్య చిన్నవయసులోనే పోతే ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, జీవితాంతం తెల్లబట్టలే కట్టారు. పెద్దింటి పెళ్ళిళ్ళలో భోగంమేళం, అంటే భోగంవాళ్ళ ఆటాపాటా, గొప్పగా చెప్పుకునే రోజుల్లో, మేళం ఉన్న చోటికి వెళ్ళొద్దని ప్రచారం చేశారు. తను కూడా వెళ్ళేవారు కాదు. ఆయన క్లాసులో కూర్చున్నవాడే ముట్నూరి. 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రికను 1907 నుంచి 1945లో పోయేదాకా నడిపారు. పట్టాభి, కోపల్లె హనుమంతరావులతో కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. దొరల చదువుకు పోటీగా పెట్టిన కాలేజీ, దొరల కాలేజీలో చదివినవాళ్ళ చేతుల మీదుగా. 1923లో పట్టాభి ఆంధ్రా బ్యాంకు పెట్టింది కూడా ఈ ఊళ్ళోనే.

ఎండ తగ్గాక బందరుకోట వైపు వెళ్ళి డచ్చివాళ్ళ సమాధులు చూశాం. నాకు రాళ్ళ మీద అంత ఆసక్తి లేదు, తొందరగానే వచ్చేశాం. ఈ కాలేజీలో గొప్ప మాస్టారు నోబులా, నాయుడుగారా అని దారిపొడుగునా మాస్టారికీ నాకూ వాదన.

"నాయుడుగారు ఇక్కడున్నది కొన్నేళ్ళే. నోబుల్ జీవితమంతా ఇచ్చాడు. కాలేజీకి ఆయన పేరు పెట్టడంలో తప్పేముంది?" అని ఆయన.

"పేరు సంగతి కాదండీ. పిల్లల మీద పడిన ప్రభావం ఎవరిదంటారు?" అని నేను.

"అసలు నోబుల్ బడి పెట్టకపోతే నాయుడుగారు నిలబడి పాఠం చెప్పేదెక్కడ?"

ఎక్కడైనా చెప్పేవారనే నా వాదన. బందరు తర్వాత సికింద్రాబాదు మహబూబ్ కాలేజీకి వెళ్ళారు, అక్కణ్ణించి కాకినాడ పిఠాపురం రాజా కాలేజీకి. 1904 నుంచి 1919 దాకా అక్కడ ప్రిన్సిపాల్. కాకినాడలో చలం, దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆయన ప్రభావంలో పడ్డవాళ్ళే. అనాథ పిల్లలకి ఆశ్రమం పెట్టారు. 1925లో మద్రాసు యూనివర్సిటీ వైస్ చాన్సలరయ్యారు. ఇదంతా ఏకరువు పెట్టాను.

మాస్టారు ఒప్పుకోలేదు. బస్టాండులో సోడా తాగుతూ కూడా నోబుల్ పక్షమే. విజయవాడ బస్సు వచ్చేసింది. "ఈసారి కాకినాడ వెళ్దాం, అక్కడ తేల్చుకుందాం" అన్నారు. టికెట్లు ఆయనే తీస్తానన్నారు, చూడాలి.