మూడు ద్వారబంధాలు, ఒక దూలం: మా షెడ్డులో పనిబల్ల

మా కారు షెడ్డులో ఇంతకు ముందు ప్యాకింగ్ చెక్కలకు మేకులు కొట్టి చేసిన బల్ల ఒకటి ఉండేది. దాని మీద చెక్క పెట్టి చిత్రిక పడుతుంటే ప్రతి తోపుకీ చెక్కతో పాటు బల్లా ముందుకు జరిగేది. రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చి, ఈసారి కదలని బల్ల చేయాలని కూర్చున్నాను. మన వడ్రంగులు నేల మీద కూర్చుని కాలివేళ్లతో చెక్కను పట్టుకుని ఎంత నాజూకు పనైనా చేస్తారు, ఆ పనితనం మీద నాకు చాలా గౌరవం, కానీ నా మోకాళ్లకు నిలబడి పనిచేయడమే వీలు.

కొత్త టేకు కొనే స్తోమత లేదు. పాత ఇళ్లు పడగొట్టి తలుపులూ కిటికీలూ అమ్మేవాళ్ల దగ్గర మూడు టేకు ద్వారబంధాలు 7,500కి దొరికాయి. పసుపు రాసిన గడపను ఆ ఇంటివాళ్లే తీసుకెళ్లారట, అది నాకు నచ్చింది. కాళ్లకు, మా పిన్ని వాళ్ల ఊళ్లో పెంకుటిల్లు విప్పినప్పుడు మిగిలిన మద్ది దూలం. పొడుగు అడ్డపట్టెలకు పాత పందిరి మంచం పట్టెలు, ఒక్కోటి ఆరంగుళాల వెడల్పు. పాత కలపలో నాకు నచ్చేది ధర ఒక్కటే కాదు, దశాబ్దాల పాటు ఎండి ఉంటుంది కాబట్టి వంకర పోవాల్సిందేదో ఎప్పుడో పోయింది, ఇప్పుడు కనిపించేదే దాని అసలు రూపం.

అయితే దాన్ని శుభ్రం చేయడమే సగం పని. సామిల్లుకు తీసుకెళ్తే ఒప్పుకోలేదు, లోపల ఒక్క మేకున్నా వాళ్ల బ్లేడు పోతుంది, అందులో వాళ్ల తప్పేమీ లేదు. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని దారానికి కట్టి చెక్క పొడుగునా వేలాడదీస్తూ పోతే, తల విరిగి రంగు కింద దాక్కున్న మేకులు కూడా దొరికాయి. మొత్తం నలభై పైనే. రంగు దగ్గర మాత్రం జాగ్రత్త. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకు ముందు వేసిన ఎనామిల్ పొరల్లో ఎంతైనా ఉండొచ్చు. అందుకే ఎమెరీ కాగితంతో పొడిగా రుద్దొద్దు, తడిపి గీకండి, మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, గీకిన పొట్టును కాగితంలో మూటకట్టి పారేయండి.

పైచెక్కకు వాడిన ద్వారబంధాల నిలువు కమ్ములు ఆరూ నాలుగంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం. పక్కపక్కన పేరిస్తే సరిగ్గా రెండడుగులు. తలుపు ఆనే గాడి కిందవైపుకు తిప్పేశాను, పైన చదునుగా వచ్చింది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అంటించే ముఖాన్ని ఆ రోజే చిత్రిక పట్టి వెంటనే ఫెవికాల్ రాయాలి, నిన్న పట్టిన ముఖం మీద రాస్తే పట్టు అంత బాగా రాదు. ఆరడుగుల పొడుగు, మూడంగుళాల మందం అంటే మూడు ఘనపుటడుగుల టేకు, ఒక్క పైచెక్కే యాభై కిలోలు దాటింది. ఇద్దరం పట్టుకుంటే గానీ లేవలేదు.

కాళ్ల దగ్గరికొచ్చేసరికి మా వీధిలో ఉండే పెద్ద వడ్రంగిని పిలిచాను. నేను గీసిన బొమ్మ చూసి, "బాబూ, పైనుంచి బరువు పడితే ఏ బల్లయినా మోస్తుంది, పక్కనుంచి తోస్తే నిలబడాలి కదా" అన్నాడు. "అయితే ఏం చేద్దాం బాబాయ్?" అంటే బొమ్మలో నేను చూపిన మేకులన్నీ తీసేయించాడు. ద్వారబంధాల పైకమ్ములను కోసి పొట్టి అడ్డపట్టెలు చేసి, వాటి చివర్లకు కుసులు (బెజ్జంలో దూరే కొనలు) తీసి, కాళ్లలో బెజ్జాలు తొలిచి బిగించి, వెదురు మేకులు దిగ్గొట్టాం. ఒక్కో బెజ్జానికీ ఉలితో గంట పైనే పట్టింది, మద్ది అంత గట్టిది. పొడుగు వైపు మంచం పట్టెలకు మాత్రం అరంగుళం బోల్టులు వేశాం, వానాకాలం ఉబ్బి ఎండాకాలం చిక్కినప్పుడు నట్టు తిప్పి బిగించుకోవచ్చు, ఇల్లు మారితే విప్పుకోవచ్చు. బల్ల ఊగకుండా ఆపేది ఈ పట్టెల వెడల్పే, రెండంగుళాల సన్నపట్టీ ఆ పని చేయలేదు. బిగించే ముందు మూల నుంచి మూలకు టేపు పెట్టి రెండు కొలతలూ సమానంగా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఎత్తు 34 అంగుళాలు. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే నా మణికట్టు అక్కడికొస్తుంది. చిత్రిక పని ఎక్కువైతే ఇంకాస్త తగ్గించుకోవచ్చు.

చెక్కను బిగించి పట్టుకునే వైస్ పాత ఇనుము కొట్లో దొరికింది. పదహారు కిలోలు, కిలో 80 లెక్కన 1,280. కొనేముందు పిడిని అటూ ఇటూ తిప్పి మర అరిగిందేమో చూడండి, పైన తుప్పును చూసి భయపడొద్దు, కిరోసిన్, వైరు బ్రష్షుతో పోతుంది. కుడిచేతి వాటం వాళ్లకు అది బల్లకు ఎడమ చివర ఉంటే బాగుంటుంది.

చివర రెండు పూతలు అవిసె నూనె. తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయకండి, ఆ నూనె ఆరుతూ వేడెక్కి దానంతటదే అంటుకుంటుంది, విడివిడిగా తీగ మీద ఆరేయండి. కాళ్ల కింద పాత టైరు ముక్కలు పెట్టాను, షెడ్డు కడిగినప్పుడు తడి కలపకు ఎక్కదు.

నిన్న కిటికీ రెక్క ఒకటి వైస్‌లో బిగించి మొత్తం బలంతో చిత్రిక పట్టాను. బల్ల మీద పెట్టిన టీ గ్లాసులో టీ కూడా తొణకలేదు. ఆ రెక్కతోనే కింద సొరుగు చేస్తున్నాను.