శాంతం అంటే అణగినది

‘శాంతం’ అనగానే కదలని చెరువులాంటి మనసు గుర్తొస్తుంది. వ్యాకరణం చెప్పేది వేరు. ఇది గుణాన్ని చెప్పడానికి పుట్టిన మాట కాదు, జరిగిపోయిన పనిని చెప్పే క్తాంతం, అంటే ‘క్త’ అనే ప్రత్యయం చివర చేరిన సంస్కృత పదం. ధాతువు, అంటే క్రియామూలం, శమ్. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం దీన్ని దివాదిగణమనే వర్గంలో ‘శము ఉపశమే’ అని చెబుతుంది. అణగడం, చల్లారడం అని అర్థం. అణగాలంటే ముందు ఏదో రేగి ఉండాలి కదా!

శమ్‌కు క్త ప్రత్యయం చేరితే, అందులోని క్ గుర్తు మాత్రమే కాబట్టి పోయి, మిగిలేది త. పాణిని 6.4.15 సూత్రంతో ధాతువులోని అకారం దీర్ఘమై శామ్+త అవుతుంది. తకారం ముందున్న మకారం మొదట అనుస్వారమై (8.3.24), తర్వాత నకారమవుతుంది (8.4.58). దాంత, భ్రాంత, క్రాంత కూడా ఇదే దారిన వచ్చాయి. గమ్ మాత్రం గాంత కాలేదు. 6.4.37 దాని మకారాన్నే ఎగరగొట్టి ‘గత’ చేసింది.

క్త బదులు, పని పేరును చెప్పే క్తిన్ ప్రత్యయం వస్తే శాంతి. గ్రహశాంతి చేయించడమంటే గ్రహదోషాన్ని అణచడమే. ఆయుర్వేదంలోనూ అంతే: శోధనం దోషాన్ని బయటికి పంపేస్తుంది, శమనం ఉన్నచోటే అణుస్తుంది. సంస్కృత నాటకాల్లో వినకూడని మాట విన్న పాత్ర ‘శాంతం పాపం’ అంటుంది. మన ‘పాపం శమించుగాక’ అదే. ఇక అమరకోశంలో యముడి పేర్లలో ఒకటి శమనుడు. యజ్ఞపశువును చంపేవాడు శమిత. ఇంత మెత్తని మాటకు ఎంత కరుకు చుట్టాలో!

వినడానికి దగ్గరగా ఉన్నవన్నీ చుట్టాలు కావు. విశ్రాంతిలో ఉన్నది శ్రమ్ ధాతువు, క్రారవడి చూస్తే తెలిసిపోతుంది. తెల్లవారుజాము అనే అర్థంలో నిశాంతం నిశ+అంతం. సాంతం స+అంతం, చివరిదాకా అని. ‘కథ శాంతం చదవండి’ అని రాస్తే కోపం తెచ్చుకోకుండా చదవమన్నట్టుంటుంది.

తెలుగులో ‘ఆయన చాలా శాంతం’ అన్నప్పుడు అది స్వభావమైపోయింది, రేగిన సంగతి మరుగున పడింది. ‘శాంతించు’లో మాత్రం పాత అర్థం ఇంకా ఉంది. గోదావరి శాంతించింది అంటే వరద వచ్చి తగ్గిందనే. వరదే రాని ఏడాది ఆ మాట ఎవరూ అనరు.