షీటులో 62

గురువారం, రాత్రి 9.

కూకట్‌పల్లి రూటులో డెలివరీ. షీటులో 62 పార్సెళ్లు, ఇచ్చినవి 51. ఒక్కోదానికి 14 రూపాయల చొప్పున 714. బండి తిరిగింది 55 కిలోమీటర్లు. వీపున బరువు, అడుగడుక్కీ ఆపడం, లీటరుకి 38 మించి రాదు. పెట్రోలుకి 155 పోయాయి. ఆయిలు, టైర్లు, చైను, బ్రేకు షూల కోసం కిలోమీటరుకి రూపాయి పక్కన పెట్టకపోతే ఏదో ఒక నెల అప్పు తప్పదు, అదో 55. మిగిలింది 504. పార్సెళ్లు తీసుకునే గోడౌన్, అదే హబ్‌లోకి వెళ్లింది పొద్దున 7కి, వసూలైన డబ్బు కట్టి బయటపడింది రాత్రి 7:30కి. గంటకి 40 రూపాయలు. రేటు గురించి మాట్లాడేవాళ్లంతా ఆ 14 దగ్గరే ఆగిపోతారు.

పొద్దున రెండు గంటలు సార్టింగ్‌కే సరి. స్కాన్ చేయాలి, వీధుల వారీగా వేరు చేయాలి, చివర ఇవ్వాల్సింది సంచి అడుక్కి పోయేలా సర్దాలి. దీనికి పైసా రాదు. తిరిగొచ్చిన 11కీ అంతే. ఓటీపీ చెప్పాల్సిన మనిషి ఆఫీసులో ఉంటాడు, ఫోనెత్తడు. నాలుగంతస్తులు ఎక్కినా లెక్కలోకి రాదు. ఆ 11 కూడా చేరి ఉంటే 154 వచ్చేవి. ఇంచుమించు రోజు పెట్రోలు.

ఇవ్వలేకపోయినట్టు యాప్‌లో కొట్టేది గుమ్మం ముందే కొట్టాలి. సెల్లార్‌లోకి దిగాక కొడితే సిగ్నల్ అందక జీపీఎస్ చుక్క పక్క వీధిలో పడుతుంది. వెళ్లకుండానే కొట్టినట్టు లెక్కేసి, 'ఫేక్ అటెంప్ట్' కింద కోత. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ దాచుకుంటే మనల్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరుతో, అంటే వెండర్‌తో వాదించడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

క్యాష్ పార్సెళ్లది ఇంకో తలనొప్పి. 499కి 500 ఇస్తారు, రూపాయి చిల్లర ఎవరి దగ్గరా ఉండదు. క్యూఆర్ కొట్టామని కస్టమర్ చూపించే స్క్రీన్‌ని నమ్మకూడదు, మన యాప్‌లో డబ్బు పడ్డట్టు చూపించాకే సామాను చేతికివ్వాలి. హబ్‌లో లెక్క తగ్గినా, చిరిగిన నోటు వచ్చినా మన జేబులోంచే.

పేమెంట్ స్టేట్‌మెంటులో టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, 1 శాతం. పాన్ ఇవ్వనివాళ్లకి 20. పన్ను కట్టేంత ఆదాయం లేకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. కాకపోతే ముందు వెండర్ ఆ సొమ్ము జమ చేశాడో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో చూసుకోవాలి.

ఒప్పందం వెండర్‌తో, చొక్కా మీద పేరు ఇంకొకరిది. పీఎఫ్, ఈఎస్‌ఐ అడిగితే వీళ్లు వాళ్లని చూపిస్తారు, వాళ్లు వీళ్లని. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. అగ్రిగేటర్లు, అంటే యాప్‌ల మీద పని నడిపే కంపెనీలు, టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం మనలాంటి గిగ్ వర్కర్ల నిధికి కట్టాలని అందులో ఉంది. అది అందినప్పుడు చూద్దాం, ఈలోపు ఆధార్‌తో కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే పోయేదేం లేదు, ఉచితమే. బండి ఇన్సూరెన్స్ కాగితం కూడా ఓసారి చదవాలి. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ అయితే, డెలివరీలో ఉండగా గుద్దుకుంటే క్లెయిమ్ కొట్టేసే వీలుంది.

వెనక బ్రేకు కీచుమంటోంది. షూలు మార్చాలి. మెకానిక్ షాపు తెరిచేది 10కి, హబ్ 7కి.