నెయ్యి పౌచ్, చింతపండు సీసా, ఒక చెక్‌పోస్టు: నా అనుభవం

ఉత్తరాఖండ్‌లో 3,500 మీటర్ల ఎత్తు దాటే ఒక ట్రెక్కింగ్ దారి నుంచి నిన్ననే ఇంటికి చేరాను. సంచి ఇంకా పూర్తిగా విప్పలేదు, కోపం ఇంకా చల్లారలేదు. నూనె, నెయ్యి, తేనె, చింతపండు గుజ్జు వంటి వాటిని కొండ మీదికి మోయడానికి నేను కొత్త సీసాలు కొనలేదు. ఇంట్లో ఖాళీ అయిన తిండి ప్యాకెట్లను, సీసాలను కడిగి వాడుకున్నాను. వాటిలో కారింది ఒక్కటీ లేదు. అయినా వాటి మూలంగా నేను పడ్డ అవమానం మరొకరికి జరగకూడదని ఇది రాస్తున్నాను.

కొనకపోవడానికి కారణం పిసినారితనం ఒక్కటే కాదని మొదట చెప్పాలి. హైదరాబాద్‌లో ట్రెక్కింగ్ సామాను అమ్మే ఒక దుకాణంలో గుప్పిట్లో ఇమిడే సీసాకు చెప్పిన ధరకు లీటరు వేరుశనగ నూనె వస్తుంది. నీళ్ల సీసాలోనే నూనె పోసుకుంటానంటే, ఎత్తుకు వెళ్లేసరికి అవి పగిలిపోతాయని ఆ దుకాణదారు నన్ను భయపెట్టాడు. ఆ దారి పొడుగునా ఉన్న చాయ్ కొట్లలో అమ్మేవి అవే నీళ్ల సీసాలు, అవే కూల్‌డ్రింకు సీసాలు. గాడిదల మీద ఎక్కి వచ్చినవి పగలకుండా నా వీపు మీద ఎక్కినవే ఎందుకు పగులుతాయో ఆయన చెప్పలేకపోయాడు. ఇంట్లో త్రాసు మీద పెట్టి చూస్తే అరలీటరు నీళ్ల సీసా ఇరవై గ్రాములు కూడా తూగలేదు. అంతే నీరు పట్టే స్టీలు ఫ్లాస్కు మూడు వందల గ్రాములు దాటింది. ఆహారాన్ని కారకుండా, తేలికగా, నెలల తరబడి నిలవ ఉంచడానికే ఆ ప్యాకెట్లను తయారు చేస్తారు. ఆ పని అవి తెలిసి చేస్తాయి.

ఏరుకోవడం తేలికగానే సాగింది. నూనెకు పావులీటరు కూల్‌డ్రింకు సీసా తీసుకున్నాను. గ్యాసు ఒత్తిడిని తట్టుకోవలసినది కాబట్టి దాని గోడలు నీళ్ల సీసా కన్నా మందంగా ఉంటాయి. నెయ్యికి టమాటా సాస్ వచ్చే మరమూత పౌచ్ తీసుకున్నాను. చలికి నెయ్యి రాయిలా గడ్డకడుతుంది, సన్నమూతి సీసాలో పోస్తే అది బయటికి రాదు. పౌచ్ అయితే జాకెట్ లోపల కాసేపు ఉంచి పిసికితే చాలు, పైగా ఖాళీ అయిన కొద్దీ చుట్టుకోవచ్చు. రేకుమూత ఉండే పెరుగు పానీయాల బుడ్లు, స్ట్రా గుచ్చి తాగే అట్టపెట్టెలు చూడటానికి ముద్దుగా ఉంటాయి గానీ ఒకసారి తెరిచాక మళ్లీ మూయడానికి వీలుకాదు. ఒక సీసా మూత మరో సీసాకు పట్టినట్టే కనిపించి పట్టదు, ఎందుకంటే నీళ్ల సీసాలకు ఈమధ్య మూతి పొట్టిగా చేస్తున్నారు. అందుచేత ఏ సీసా మూతను ఆ సీసాకే ఉంచాలి. పైన తొడగడానికి కడిగి ఆరబెట్టిన పాలప్యాకెట్లను మించినవి లేవు. వాటిని కత్తిరించేటప్పుడు మూలను పూర్తిగా తెంపకుండా వేలాడనిస్తే ఆ చిన్న ముక్క మురికికాలువ పాలు కాదు; ఈ మాట మా వీధిలో ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్లు లేరు.

వంటింట్లో బల్ల మీద ఇవన్నీ బోర్లించి ఉండటం చూసి మా అమ్మ, "చెత్తబండికి వెయ్యాల్సినవన్నీ మూటగట్టుకుని హిమాలయాలకు పోతావటరా?" అన్నది. ఆ మాటనే తర్వాత ఖాకీ బట్టల్లో ఉన్న మనిషి నోట హిందీలో వింటానని అప్పుడు నాకు తెలియదు.

కడగడంలో జాగ్రత్త పడవలసిన విషయం వేడి. త్రికోణంలో 1 అంకె ఉండే సీసా ప్లాస్టిక్ 70 డిగ్రీలు దాటితే మెత్తబడి ముడుచుకుపోతుంది కాబట్టి మరిగే నీళ్లు పోయకూడదు. గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి రాత్రంతా నానబెడితే సాస్ వాసన పోయింది. మూతల్లో మాత్రం వాసన మొండిగా నిలుస్తుంది, వాటిని ఎండలో పెట్టాలి. లోపల నీటి చుక్క మిగిలితే నెయ్యి చెడుతుంది. ఆ తర్వాత వాటిలో నీళ్లు నింపి, పాత పేపరు మీద బోర్లించి, పైన బియ్యం సంచి పెట్టి తెల్లవారి చూస్తే పేపరు తడవలేదు. నింపేటప్పుడు లోపల గాలి మిగల్చకూడదు. 3,500 మీటర్ల ఎత్తున వాయుపీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో సుమారు మూడింట రెండు వంతులే. కింద మూసిన గాలి అక్కడ దాదాపు ఒకటిన్నర రెట్లకు ఉబ్బి, వదులుగా ఉన్న మూత సందుల్లోంచి నూనెను బయటికి తోస్తుంది. సీసాను మూతి దాకా నింపినా, పౌచ్‌ను పిండి మూసినా ఆ బాధ ఉండదు. నూనెల్లోనూ తేడా ఉంది: వేరుశనగ నూనె సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి మసకబారి గడ్డకడుతుంది, కొబ్బరినూనె సంగతి చెప్పనే అక్కర్లేదు. నువ్వుల నూనె అంత త్వరగా పేరుకోదు కనుక మా ఇంట్లో ఆవకాయకు వాడే పప్పునూనెనే పట్టుకెళ్లాను.

రైలు, బస్సు, జీపు ప్రయాణాల్లో ఏ చిక్కూ రాలేదు.

ఇక చెక్‌పోస్టు. అడవిలోకి ప్రవేశించే చోట కట్టెగేటు పక్కన ఉన్న ఆ గదిలో మనం తీసుకెళ్లే ప్రతి ప్లాస్టిక్ వస్తువునూ లెక్కపెట్టి, డిపాజిట్ కట్టించుకుని, తిరిగి వచ్చినప్పుడు లెక్క సరిపోతే డబ్బు వాపసు ఇస్తారు. ఈ నియమాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. మంచు కరిగిన చోటల్లా బిస్కెట్ కాగితాలు బయటపడే దారుల్లో నడిచినవాళ్లెవరూ దీన్ని కాదనరు. నా ఫిర్యాదు నియమం మీద కాదు. నాకు ముందున్న కుర్రవాడి సంచిలో మెరిసే కొత్త ట్రెక్కింగ్ సీసాలను చూసి, అవి కూడా ప్లాస్టిక్‌వే అయినా, అక్కడి ఉద్యోగి మర్యాదగా పక్కన పెట్టాడు. నా వంతు వచ్చేసరికి సాస్ పౌచ్‌ను రెండు వేళ్లతో పైకెత్తి వరుసలో ఉన్న అందరికీ చూపించి, "ఈయన కిందనుంచే చెత్త తెచ్చుకున్నాడు" అన్నాడు. వెనక నవ్వులు వినిపించాయి. సంచి మొత్తం బల్ల మీద గుమ్మరించమన్నాడు. మడతపెట్టిన బట్టలు, మందులు, లోదుస్తులు కూడా ఆ బల్ల మీదికే వచ్చాయి.

అప్పుడు బయటపడింది చింతపండు సీసా. ఉప్పు వేసి చిక్కగా ఉడికించి వడగట్టిన గుజ్జును లేబులు తీసేసిన చిన్న సీసాలో పోశాను, అది ముదురు గోధుమరంగులో ఉంది. మద్యమా అని అడిగాడు. ఇమ్లీ అన్నాను. వాసన చూశాడు, తృప్తి కలగలేదు, పక్క గదిలోంచి పెద్ద అధికారిని పిలిచాడు, ఆయనా వాసన చూసి తాగి చూపించమన్నాడు. రసానికి రెండు చెంచాలు సరిపోయే గుజ్జును, పరగడుపున, పాతికమంది చూస్తుండగా, సీసా ఎత్తి గుటక వేశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, దగ్గు ఆగలేదు. దాన్ని చూసి వాళ్ల అనుమానం తీరకపోగా మరింత పెరిగింది. చివరికి వరుసలో ఉన్న ఒక తమిళ పెద్దాయన, ఈయన చెబుతున్నది నిజమే, మా ఇంట్లోనూ ఇలాగే చేస్తారు అని చెప్పిన తర్వాత గానీ సీసా నా చేతికి రాలేదు.

ఆ తర్వాత ఆ ఉద్యోగి నీళ్ల సీసా మీద ఉన్న "వాడిన తర్వాత నలిపివేయండి" అనే మాటను వేలితో చూపించి, దీన్ని మళ్లీ వాడటమే నేరమన్నాడు. ఖాళీ సీసాల్లో కుళాయి నీళ్లు నింపి అమ్మే మోసగాళ్లకు అడ్డుకట్టగా ఆ మాట పనికొస్తుంది గానీ, సొంత నూనె పోసుకునేవాడికి అదెలా నేరమవుతుందని అడిగాను. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో స్ట్రాలు, ప్లేట్లు, చెంచాలు ఉన్నాయి గానీ నీళ్ల సీసాలు లేవని కూడా చెప్పాను. చదువుకున్నవాళ్లతో ఇదే తంటా అన్నాడు. ఇంతలో ఒక పెద్ద ట్రెక్కింగ్ కంపెనీ సామాను, నూడుల్స్ పెట్టెలతో సహా, గాడిదల మీద మా పక్కనుంచే గేటు దాటిపోయింది. ఏ పెట్టె మూతా ఎవరూ తెరవలేదు.

లెక్క రాసిన పద్ధతి అన్నింటికన్నా విచిత్రం. సీసా ఒక వస్తువు, దాని మూత రెండో వస్తువు, పైన తొడిగిన పాలప్యాకెట్ మూడో వస్తువు. ఆ లెక్కన డిపాజిట్ కట్టించుకుని, చిన్న చీటీ మీద అంకె ఒక్కటే రాసి ఇచ్చాడు, ఆ వస్తువులు ఏవేవో రాయలేదు. నాకు ముందు కుర్రవాడి సీసాలకు మూతలను విడిగా లెక్కపెట్టలేదని నా కళ్లతో చూశాను.

కొండ మీద నా సీసాల పనితీరు గురించి కాస్త గొప్పగానే చెప్పుకుంటాను. మా గుంపులో ఖరీదైన సీసా తెచ్చినాయన వేరుశనగ నూనె పొద్దున్నే పొంగలిలా గడ్డకట్టి రాకపోతే, నా పప్పునూనెతోనే అందరికీ ఉప్మా అయింది. నెయ్యి పౌచ్ రాత్రి నాతోపాటు స్లీపింగ్ బ్యాగులో పడుకుని పొద్దున మెత్తగా లేచింది. చింతపండు గుజ్జుతో చేసిన చారు తాగిన మహారాష్ట్ర దంపతులు తయారీ రాసుకున్నారు. వేడినీళ్లకు మాత్రం స్టీలు సీసానే వాడాను. పొయ్యి స్పిరిట్‌ను, గిన్నెల సబ్బును తిండి సీసాల్లో పోయడానికి నేను ససేమిరా ఒప్పుకోను. చీకట్లో దాహం వేసినవాడికి లేబులు కనిపించదు. ఆ పని చేసి తెలివిగా పొదుపు చేశామనుకునేవాళ్లకు నేను నమస్కారం పెట్టి దూరంగా జరుగుతాను.

దిగివచ్చాక అదే బల్ల, అదే మనిషి. ఖాళీ సీసాలను మూతలు బిగించి, పౌచ్‌లను చుట్టి, పాలప్యాకెట్లను మడిచి వరసగా పెట్టాను. ఈసారి మూత బిగించిన సీసాను ఒక్క వస్తువుగా లెక్కించి, లెక్క తగ్గిందని, డిపాజిట్ రాదని అన్నాడు. నేను ఏమీ మాట్లాడకుండా ప్రతి మూతనూ విప్పి, సీసా పక్కన దాని మూతను, దాని పక్కన దాని పాలప్యాకెట్‌ను పేర్చుకుంటూ వచ్చాను. వెనక వరుస పెరుగుతోంది, ఈసారి ఆ వరుసలోనివాళ్లు నా పక్షాన గొణుగుతున్నారు. అంకె చీటీతో సరిపోయింది. డబ్బు ఇచ్చాడు, చిల్లర లేదని ఇరవై రూపాయలు మాత్రం ఉంచుకున్నాడు.

ఈ దారుల్లో ఇంటి సీసాలు వాడదలచినవాళ్లు ప్రతి సీసా మీదా లోపల ఉన్న పదార్థం పేరు హిందీలో రాసి అతికించండి, చింతపండును గుజ్జుగా కాకుండా ఉండ చుట్టి తీసుకెళ్లండి, బల్ల మీద పెట్టకముందే మూతలు, పైతొడుగులు విడదీసి జాబితా మీరే రాసి రెండు ప్రతుల మీద వాళ్లచేత సంతకం పెట్టించుకోండి, సంతకం పెట్టనంటే వస్తువులన్నింటినీ బల్ల మీద పరిచి వాళ్ల ఎదుటే ఫొటో తీయండి. పది రూపాయల నోట్లు దగ్గర ఉంచుకోండి.