పిరమిడ్ కట్టిందెవరో ఎలా తెలుసు?

ఈజిప్టులోని గీజాలో ఉన్న గొప్ప పిరమిడ్‌ను బానిసలే కట్టారని నా ఏడో తరగతి విద్యార్థులు దాదాపు అందరూ రాశారు; ఎలా తెలుసని అడిగితే, సినిమాలో చూశామన్నారు. అందుకని రెండు ఆధారాలు వారి ముందుంచాను. ఒకటి, నిర్మాణం జరిగిన సుమారు 2,000 ఏళ్ల తర్వాత, విడతకు లక్షమంది చొప్పున పనిచేశారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన మాట. రెండోది, 2013లో ఎర్రసముద్ర తీరాన వాదీ అల్-జర్ఫ్‌లో దొరికిన పపైరస్ పత్రాలు: ఆ పిరమిడ్ కట్టించిన రాజు ఖుఫు పాలనలోనే మెరెర్ అనే పర్యవేక్షకుడు, తన బృందం తురా గనుల నుంచి సున్నపురాయిని పడవల్లో గీజాకు చేరవేసిన తీరును రోజువారీగా నమోదు చేసిన దినచర్య అందులో ఉంది.

దేన్ని ఎక్కువ నమ్మాలో కారణంతో రాయమన్నాను. మెరెర్ ఆ కాలంవాడని చెప్పి చాలామంది ఆగిపోయారు. ఒక అమ్మాయి మాత్రం, అతను తన బృందం గురించే చెబుతున్నాడు కానీ పిరమిడ్ కట్టిన అందరి గురించీ కాదని రాసింది. ఆధారాన్ని ఉటంకించడం కన్నా దాని హద్దును గుర్తించడం కష్టమని నేను భావిస్తాను కాబట్టి, మరుసటి పాఠాన్ని ఆ వాక్యంతోనే మొదలుపెట్టాను.