మిర్చి గోడౌన్‌కు 12 మీటర్ల ట్రస్ లెక్క: నా అనుభవం

గుంటూరులో టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టే గోడౌన్‌కు రేకుల కప్పు. దాన్ని మోసేవి ట్రస్‌లు, అంటే కడ్డీలను త్రిభుజాలుగా కలిపిన చట్రాలు. స్పాన్ (ఆధారాల మధ్య దూరం) 12 మీ., నడిమధ్య ఎత్తు 3 మీ., ట్రస్‌కూ ట్రస్‌కూ 4 మీ. ఎడం. కింద 3 మీటర్ల గళ్లు నాలుగు. మూడు నిలువులు, నడిమి నిలువు అడుగుకు దిగే ఏటవాలు కడ్డీలు రెండు. జాయింట్లు 8, కడ్డీలు 13. ఒక్కో జాయింటుకు రెండు సమీకరణాలు, అందులో మూడు ఆధారాల రియాక్షన్లకు పోతే 2×8−3, అదీ 13 కాబట్టి సమతౌల్య సమీకరణాలతోనే పని అయిపోతుంది.

రేకులు, పర్లిన్లు (రేకుల కింది అడ్డ దూలాలు), ట్రస్ సొంత బరువు చదరపు మీటరుకు 0.27 కిలోన్యూటన్లు వేసుకున్నాను. లైవ్ లోడ్ (పనివాళ్లు ఎక్కడం లాంటి తాత్కాలిక బరువు) భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం: 0.75లోంచి 10 డిగ్రీలు దాటిన ఒక్కో డిగ్రీకి 0.02 తీసేస్తే, 26.6 డిగ్రీల వాలుకు 0.42. ట్రస్‌కు అందులో మూడింట రెండు వంతులే, 0.28. మొత్తం 0.55ను ఒక్కో జాయింటుకు వచ్చే 12 చ.మీ. (3×4)తో, భద్రతా గుణకం 1.5తో గుణిస్తే 9.9 కిలోన్యూటన్లు. పై జాయింటుకు 10 అనుకున్నాను.

రెండువైపులా రియాక్షన్ (ఆధారం పైకి తోసే బలం) 20 కిలోన్యూటన్లు. చివరి జాయింటు మీది సగం బరువు 5 పోతే 15. అక్కడ మొదలుపెడితే పై కడ్డీలో 33.5 కంప్రెషన్ (నొక్కుడు), కింది కడ్డీలో 30 టెన్షన్ (లాగుడు). పక్క నిలువులో సున్నా. దాని పై జాయింటు దగ్గర తూకం వేస్తే శిఖరం వైపు పై కడ్డీ 22.4, ఏటవాలుది 11.2, రెండూ కంప్రెషనే. నడిమి నిలువులో 10 టెన్షన్. సరిచూడ్డానికి ట్రస్‌ను కోసి, నడిమి కింది జాయింటు చుట్టూ మొమెంట్లు (బలం × దూరం) తీశాను: (15×6 − 10×3) ÷ 2.683 = 22.4; 2.683 ఆ జాయింటు నుంచి పై కడ్డీకి లంబ దూరం. ఈ ఒక్క గీటుతో గుర్తుల పొరపాట్లు చాలావరకు బయటపడతాయి.

11.2 చిన్న బలమే కదా అని ఏటవాలుకు 50×50×6 యాంగిల్ ఒకటి పెట్టేస్తారు. పొడవు 3.35 మీ., కనిష్ఠ రేడియస్ ఆఫ్ గైరేషన్ 9.6 మి.మీ.; ఎఫెక్టివ్ పొడవు 0.85 వంతు అనుకున్నా స్లెండర్‌నెస్ (ఆ రెంటి నిష్పత్తి) 297. ఉక్కు కట్టడాల ప్రమాణం ఐఎస్ 800 హద్దు 180. బలం చాలినా బక్లింగ్ (నొక్కుడుకు కడ్డీ పక్కకు వంగిపోవడం) ఊరుకోదు.

ఇంకో చిక్కు పర్లిన్లది. జాయింట్ల దగ్గరే పెడితే రేకుకు 3.35 మీటర్ల ఎడం వస్తుంది, అది మరీ ఎక్కువ. మధ్యలో ఒకటి దించామా, పై కడ్డీకి బెండింగ్ తగులుకుంటుంది. దాన్నీ కలిపి సెక్షన్ చూడాలి. పిన్ జాయింటు లెక్క (జాయింట్లు స్వేచ్ఛగా తిరుగుతాయనుకునే లెక్క) ఆ సంగతి చెప్పదు.

గాలి లెక్క వేరే వేయాలి. ఐఎస్ 875 మూడో భాగంలో విజయవాడకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఇక్కడా అదే తీసుకున్నాను. తలుపులు తెరిచి ఉంటే లోపలి గాలి కూడా కప్పును పైకి తోస్తుంది. అప్పుడు కింది కడ్డీ కంప్రెషన్‌లో పడుతుంది. పక్కకు ఆనిక లేకపోతే దాని పొడవు 12 మీటర్లే, గళ్లను బట్టి 3 కాదు. ప్రతి కింది జాయింటునూ పక్క ట్రస్‌కు టై కడ్డీతో కట్టి, ఆ వరుసను చివర బ్రేసింగ్‌కు (ఏటవాలు కట్టుకు) ముడివేయాలి.